సింకు కింది వంకర పుర్రెలు

ప్రయోగశాలలో అందరూ ఆయన్ని పాలిష్ బాబాయి అంటారు. ఇంకా పుట్టని ఎలుకపిల్లల ఎముకలకు రంగు పట్టించడం ఆయన పని. తోలు వలిచి, మెత్తటి ఎముకకు నీలం, గట్టి ఎముకకు ఎరుపు ఎక్కించి, మాంసాన్ని మందునీళ్ళలో గాజులా తేటపరిచి, గ్లిజరిన్ సీసాలో నిలబెడతాడు. ఆ పనిలో ఆయన్ని తప్పుపట్టినవాళ్ళు లేరు. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా ఆయనే చూసుకుంటాడు.

ఇంట్లోనూ అదే వరస. బావమరిది ముక్కు వంకరని పెళ్ళి ఆల్బంలోంచి అతని ఫోటోలన్నీ తీసేశాడు. "మా తమ్ముడు రాకుండానే మన పెళ్ళి జరిగిందేమో మరి" అని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

ప్రయోగశాల పెద్ద మేడం. ఒక జన్యువు చెడిన ఎలుకల్ని పెంచుతోంది. దానివల్ల కడుపులోని పిల్లకు పుర్రె, మూతి ఎలా వంకరపోతాయో చూపించాలని ఆమె ఆశ. ఆ ఆశ గురించి పూటంతా మాట్లాడగలదు. బాబాయి పనిచేసే సింకు దాకా మాత్రం ఎన్నడూ నడవలేదు. ఏళ్ళు గడిచినా బల్ల మీదికొచ్చిన పుర్రెలన్నీ చక్కగా, గుండ్రంగానే ఉన్నాయి. జన్యువు చెడినవాటిలో చాలామటుకు "మందులో పాడైపోయాయి" అని బాబాయి నుంచి కబురొచ్చేది. మేడం మందు మార్పించింది. కబురు మారలేదు.

చివరికి ఒకరోజు వచ్చి చెప్పింది.

"బాబాయ్, సోమవారం పంజరాలు ఖాళీ చేయించేస్తున్నా. ఈ ఎలుకలతో పాటే నా పనీ అయిపోయింది."

"అదేంటి మేడం, ఇంత అందంగా వస్తుంటే."

"అందంగా వస్తున్నాయనేగా నా ఏడుపు."

ఆ మాట బాబాయికి బోధపడలేదు. ఓదార్చబోయాడు. "అన్నీ అందంగా ఎక్కడొచ్చాయి లెండి. చెత్తవి నేను పక్కన పెట్టబట్టి గానీ."

"పక్కనంటే ఎక్కడ?"

సింకు కింది తలుపు తీశాడు. లోపల వరసగా సీసాలు, ప్రతిదాని మీదా చీటీ. ఒకదాని మూతి పక్కకు తిరిగింది. ఒకదాని అంగిలి నడిమికి చీలింది. మరోదాని పుర్రె అతుకులు ముందే బిగుసుకుపోయి, తల పైకి పొడుచుకొచ్చింది.

"నా చేతిలోనే వంగిపోయాయనుకున్నా మేడం. ఇవి బల్ల మీద పెడితే నా పరువేం కాను?"

"వంకరవే కావాలని ప్రతి మీటింగులో చెప్తూనే ఉన్నా కదా."

"మీటింగులో నేను వినను మేడం. చేతిలో పని చెడుతుంది."

మేడం నేలమీదే కూలబడింది. ఒక్కో సీసా చీటీ చదివింది, అన్నీ జన్యువు చెడినవే.

పంజరాలు ఖాళీ చేయించడం ఆగింది. మూతి తిరిగిన పుర్రె ఫోటో పెద్దది చేయించి, కింద బాబాయి పేరు వేయించి వరండాలో తగిలించారు. భార్య వచ్చి తీరిగ్గా చూసింది. "మా తమ్ముడి ముక్కే నయం" అంది.

ఇకమీద వంకరవి మాత్రమే ఇమ్మని మేడం గట్టిగా చెప్పింది. బాబాయి బుద్ధిగా తలూపాడు. వారం తిరక్కుండానే సింకు కింద మళ్ళీ సీసాలు కనిపించాయి.

"ఇవేంటి బాబాయ్?"

"ఇవి సగం సగం వంగాయి మేడం. అటూ కాదు, ఇటూ కాదు. చూసినవాళ్ళు నవ్విపోతారు."

మేడం తన కుర్చీ తెచ్చి సింకు పక్కన వేసుకుంది.