నాలుగో నంబరు పుట్టగొడుగు

ఇన్‌స్పెక్టరు గారి భుజం మీదకి పాఠాన్ని దూకించిన టీచరు జంషెడ్‌పూర్ మొత్తంలో నేనొక్కదాన్నే. నవ్వండి గానీ, నా ఉద్యోగం పర్మనెంటవుతుందా, ఊడుతుందా అన్నది ఆ ఒక్క పాఠం మీదే ఉందని గుర్తుంచుకోండి.

అవి యాభైల చివరి రోజులు. భాలుబాసాలో ఓ చిన్న తెలుగు బడిలో కొత్త సైన్సు టీచర్ని. పాఠం నేనే ఎంచుకున్నాను: పుచ్చిన దుంగ కనిపిస్తే చాలు చెవుల్లా మొలిచే పుట్టగొడుగుకీ, అడవులు నరికేయడంతో కనుమరుగవుతున్న ఒక రకం గోండ్రుకప్పకీ పోలిక. దుంగనీ కప్పనీ దల్మా కొండ నుంచి తెప్పించి, కప్పని జాడీలో పెట్టి పైన వదులుగా గుడ్డ కట్టాను.

మా నాన్నది కార్ఖానాలో ఇనుప రేకుల మీద సుద్దతో నంబర్లు వేసే పని. ఆ జబ్బు ఇంటిల్లిపాదికీ అంటుకుంది. మా ఇంట్లో పీటలకీ నంబర్లే. తనిఖీ రోజు పొద్దున్నే దుంగ మీది పుట్టగొడుగులకి ఒకటి నుంచి నాలుగు దాకా వేసేశాను.

“నిన్న మూడే ఉన్నట్టున్నాయి గదే,” అన్నాడు నాన్న.

“రేత్రి వానకి ఇంకోటి మొలిసుంటాది నానా.”

“మరి కప్పేటి సేత్తంది?”

“తొంగుంది.”

గుడ్డ ఎత్తి చూసే తీరిక నాకెక్కడిది?

తరగతిలో గొంతు సవరించుకున్నాను. “పిల్లలూ, పుట్టగొడుగు కదలదు. కావాలంటే చూడండి,” అంటూ నాలుగో నంబరుని బెత్తంతో చిన్నగా పొడిచాను. అది కళ్లు తెరిచింది. మరుక్షణం వీపు మీద నాలుగంకెతో సహా ఇన్‌స్పెక్టరు గారి భుజమెక్కి కూర్చుంది. నా ఉద్యోగం గోవిందా అనుకున్నాను.

ఆ మహానుభావుడు చలించలేదు. ముందు బెంచీలోని అమ్మాయిని అడిగారు. “రెండింటికీ తేడా ఏమిటమ్మా?”

“జో కూదా, వహీ కప్ప సార్.” దూకిందే కప్పట.

“మరి అరుదైనదేది?”

“కప్పే సార్. దుంగ మీద ఇంకా మూడున్నాయి. ఇదొక్కటే ఉంది.”

ఆయన నావైపు తిరిగారు. “ఎన్నాళ్లు తయారుచేశారమ్మా ఈ పాఠం?”

“వారం రోజులండీ,” అన్నాను, తల వంచుకుని, వినయంగా.

కప్ప కొండకి వెళ్లిపోయింది. పర్మనెంటు ఆర్డరు నా చేతికొచ్చింది. ఆ కాగితం గుండెలకి హత్తుకుని ఒట్టేసుకున్నాను, కాళ్లున్న ప్రాణిని మళ్లీ తనిఖీ పాఠంలోకి తీసుకురానని. రిటైరయ్యేదాకా మాట తప్పలేదు. ఎంతమంది ఇన్‌స్పెక్టర్లొచ్చినా అందరికీ పుట్టగొడుగే చెప్పాను.