బాలమణి గ్రైండర్ విప్పిన రోజు

2023లో, దసరా వెళ్లాక వచ్చిన రెండో శుక్రవారం. ఆ కబురు నాకు మొదట చెప్పింది మా సందులో పూలమ్మే రాజమణి. చిక్కడపల్లిలో మా ఇంటి ముందుగదే మా దుకాణం. మిక్సీలు, గ్రైండర్లు, ఫ్యాన్లు బాగుచేస్తాం. రోజూలాగే దేవుడి పటానికి మూరెడు చామంతులు కొలిచి ఇస్తూ రాజమణి గొంతు తగ్గించింది.

“అక్కా, నీకు చెప్పొద్దన్నది గానీ చెప్తున్న. అశోక్‌నగర్ బాలమణి గ్రైండర్ ఖరాబయింది. రెండొద్దులాయె. కంపెనీ ఆయన వచ్చి చూసి, లోపలికి పసుపు నీళ్లు పోయినయి, వారంటీ నడ్వదని రాసిచ్చి పోయిండంట. ఆ పసుపు నువ్వు పెట్టిన బొట్టుదేనంట.”

పూలు పటానికి వెయ్యడం కూడా మరిచిపోయి అక్కడే కూర్చుండిపోయాను.

మా నాన్నగారు గుంటూరు వైపు నుంచి వచ్చి ఈ పని మొదలుపెట్టిన నాటి నుంచీ మా దగ్గర ఒక అలవాటుంది. వాడుకగా వచ్చేవాళ్లు ఎక్కడ కొన్నా సరే, కొత్త యంత్రాన్ని ముందు మా దుకాణానికి తెస్తారు. తడిపసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని పంపిస్తాం. నాన్నగారి తర్వాత ఆ పని నాది. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు. అక్షరాలు అమ్మ దగ్గరా, టెస్టర్ పట్టడం నాన్నగారి దగ్గరా నేర్చుకున్నాను. పసుపు పెట్టడం కూడా ఆ చదువులో భాగమే. పాత గ్రైండర్లకు ముందువైపు ఒక నల్లటి స్విచ్చి ఉండేది, దానిపైన రబ్బరు టోపీ. దాని చుట్టూ ఎంత పసుపు రాసినా ఏమీ అయ్యేది కాదు. బాలమణి తెచ్చిన కొత్తదానికి స్విచ్చి లేదు. అద్దంలా నున్నటి పలక, వేలు తగిలిస్తే తిరుగుతుంది. దాన్ని టచ్ ప్యానెల్ అంటారు. నా చేతికి అలవాటైన చోటే, ఆ పలక మీదే, ఐదు బొట్లూ పెట్టాను.

బాలమణిది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. భర్త మేస్త్రీల వెంట సెంట్రింగ్ పనికి వెళ్తాడు. ఆమె అశోక్‌నగర్‌లో ఒక్క గదిలో గ్రైండర్ పెట్టుకుని, పరీక్షలకు చదివే పిల్లలుండే హాస్టళ్లకు ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి పంపుతుంది. పదకొండేళ్లు ఆమె పని చేసింది మా దుకాణంలో తీసుకున్న పాత గ్రైండర్ మీదే. ఇద్దరు పట్టి ఎత్తాల్సినంత బరువు, రెండేళ్లకోసారి బెల్టు తెగేది. బెల్టు మార్చడం నాకు పావుగంట పని. ముందు ఏడాది దసరాకు ఒక దుకాణం వాళ్లు పాతది తెచ్చి కొత్తది తీసుకెళ్లమంటే, “తేలిగ్గా ఉంటుంది, కడుక్కోవడానికి సుఖం, తీసుకో బాలమణీ” అని చెప్పింది కూడా నేనే. ఆ పాతది వాళ్ల దగ్గర్నుంచి పాత ఇనుము బండి ఎక్కింది. కొత్తది పదమూడు నెలలు తిరిగి ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఆమె గదికి వెళ్లాను. పక్కింటి మిక్సీ ముందు పెట్టుకుని మినప్పప్పు చారెడు చారెడు వేసి తిప్పుతోంది. మిక్సీ కొంచెం తిరిగేసరికి వేడెక్కుతోంది, ఆపి చల్లారనిస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

“గా రాజమణికి కడుపుల మాట దాగదు” అంది. “నీ బొట్టుది ఏం లేదక్కా. నేనే కడిగేటప్పుడు నీళ్లు పోసిన. కంపెనీ ఆయనకు గదే చెప్పిన.”

“నువ్వు ప్యానెల్ మీద నీళ్లు పోస్తావా బాలమణీ? తడిగుడ్డ కూడా తగలనివ్వవు.”

ఆమె మిక్సీ గిన్నె మూత తీసి, వేడెక్కిన పిండి నాకు చూపించింది. అప్పుడు అసలు సంగతి చెప్పింది. మిక్సీలో పిండి వేడెక్కి సరిగ్గా పొంగడం లేదు. పెద్ద హాస్టల్ వార్డెన్ పొద్దున వచ్చి, దోసెలు చెప్పుల్లెక్క ఉన్నయని పిల్లలు నవ్వుతున్నారని, సోమవారం టిఫిన్‌కు మంచి పిండి రాకపోతే ప్యాకెట్ల పిండి వాళ్లకు మాట ఇచ్చేస్తానని అన్నాడట. ఆ ఒక్క హాస్టలే ఆమెకు ముప్పాతిక పని.

“అది పోతే ఊరికి పోవుడే అక్కా. ఈడ ఏం జేస్త?”

సోమవారం పొద్దుటికి పిండి పొంగాలంటే ఆదివారం సాయంత్రానికల్లా రుబ్బి ఉంచాలి. అంటే మా చేతిలో ఉన్నది రెండు రోజులు. ఆటోలో గ్రైండర్ దుకాణానికి తెచ్చి తిరగేశాను. అడుగున స్క్రూలకు మామూలు గాడి లేదు. నక్షత్రం ఆకారం, దాని మధ్యలో ఒక ముల్లు. నా దగ్గరున్న ఏ స్క్రూ డ్రైవరూ పట్టదు. పైగా విప్పితే చినిగిపోయే సీలు ఒకటి అంటించారు. అది చినిగిందంటే కంపెనీ వాళ్లు ఇక ముట్టుకోరు. ఇప్పుడూ ముట్టుకోవడం లేదు నిజమే, కానీ ఆ సీలు ఉన్నంతవరకు ఇంకో అర్జీ పెట్టుకోవచ్చనే ఆశ ఉంటుంది. నేను తెగించలేకపోయాను. ఒకసారి చేసిన పొరపాటు చాలదా అనిపించింది.

అప్పుడు సత్తయ్య బాబాయ్ గుర్తొచ్చారు.

నారాయణగూడ చౌరస్తా దాటాక లోపలి సందులో ఆయనకు వైండింగ్ దుకాణం ఉండేది. మోటారు లోపల తీగ చుట్లు కాలిపోతే, ఆ తీగంతా తీసేసి కొత్తది చుట్టడాన్ని వైండింగ్ అంటారు. రాంనగర్ నుంచీ దోమలగూడ నుంచీ మోటార్లు ఆయన దగ్గరికే వచ్చేవి. నాన్నగారి వెంట వెళ్లినప్పుడు ఆ దుకాణంలో వార్నిష్ వాసన, గోడ వెంట వరుసగా ఆరుతున్న మోటార్లు, చెక్క చక్రం మీద తీగ ఎక్కుతున్న చప్పుడు. ఇప్పటికీ ఎక్కడైనా వార్నిష్ వాసన తగిలితే ఒక్క క్షణం ఆగిపోతాను. కళ్లు మసకబారడంతో ఆయన ఆ దుకాణం వదిలేసి అప్పటికి నాలుగేళ్లయింది.

శనివారం పొద్దున్నే గ్రైండర్ తీసుకుని, బాలమణితో కలిసి ఆయన ఇంటికి వెళ్లాను.

“ఏం బిడ్డా, ఇన్నొద్దులకు యాదికొచ్చిన్నా?” అన్నారు. సంగతంతా విని తల అడ్డంగా ఊపారు. “నా కండ్లు పోయినయ్. తీగ పోగు కనిపియ్యది. నేనేం చుట్టాలె?”

“చుట్టొద్దులే బాబాయ్. ముందు విప్పి చూద్దాం. నా పసుపే దీన్ని పాడుచేసిందేమో తెలిస్తే చాలు.”

“అగో, తప్పు నీదేనని ముందే రాసుకున్నవా? పెండ్లయినంక జాతకం చూపిచ్చుకున్నట్టున్నది నీ ముచ్చట.” బాలమణి వైపు తిరిగారు. “సీలు చింపాలె. కంపెనీ ఆశ ఇడుస్తవా?”

“వాళ్లు ఇడిచిన్రు గద తాతా. చింపు.”

పాత స్క్రూ డ్రైవర్ ఒకటి తీసి, మొనలో ముల్లు దూరేలా గుంట కొట్టి, ఆకురాయితో నక్షత్రంలా అరగదీశారు. చూపుతో కాదు, బొటనవేలితో తడుముతూ అరగదీశారు. అడుగు రేకు ఊడింది. ప్యానెల్ వెనక చేతివేలంత బోర్డు, అంటే తీగలకు బదులు గీతలతో కరెంటు నడిపించే పలక. ఆయన తెల్లటి నూలు గుడ్డ ఒకటి తెప్పించుకుని, బోర్డు అంచులూ మూలలూ అంతా తుడిచి నా చేతికిచ్చారు.

“నువ్వే చూసి చెప్పు. నాకైతే కనిపియ్యది.”

గుడ్డ మీద నల్లటి మసి ఉంది. కొంచెం పిండి దుమ్ము ఉంది. పసుపు లేదు. ప్యానెల్ చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ దగ్గరే నా పసుపు గీత గీసినట్టు ఆగిపోయింది. ఇంకా లోపలికి చూడమన్నారు. మోటారులో తీగ చాలాచోట్ల నల్లబడింది, నల్లబడని చోట రాగి రంగులోనే మెరుస్తోంది. ఆయన బ్లేడు ఇచ్చి గీకమన్నారు. గీకితే లోపల తెల్లగా వచ్చింది.

“అల్యూమినియం. పైన రంగు. మోటరే వేడికి మాడింది. మాడి, కరెంటు గుంజి గుంజి బోర్డును సుత మాడ్చింది. నీ దేవుడేం జెయ్యలేదు, నువ్వేం జెయ్యలేదు. ఇగ లెంపలేసుకునుడు బంద్ చెయ్.”

బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆ గుడ్డ మడిచి జాకెట్టులో పెట్టుకున్నాను. నా తండ్రి వేంకటేశ్వరుడికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. అయితే తప్పు నాది కాదని తేలినంత మాత్రాన గ్రైండర్ తిరగదు కదా. సోమవారం అలాగే ఉంది.

ఆయన మాడిన మోటారును చాలాసేపు చేతుల్లో తిప్పారు. తర్వాత, “రాగి తీగ తెచ్చుకో బిడ్డా” అన్నారు.

“కనిపించదన్నారు?”

“నా కండ్లు నువ్వు. చేతులు నావే.”

అటక మీద నుంచి చెక్క చక్రం దించాం. పాత చుట్లు కోసి లెక్కపెట్టాను. అల్యూమినియం బదులు రాగి వేస్తే పోగు లావు మారుతుంది, దాన్నే గేజు అంటారు. ఆ లెక్క ఆయన నోటితో వేశారు. తీగ రెండు వేళ్ల మధ్య నలిపి, “ఇది కాదు, ఇంకో నంబరు సన్నగుండాలె” అని ఒకటి వెనక్కి పంపారు. పెట్టె మీది నంబరు చూస్తే ఆయన మాటే నిజం. ఆయన చక్రం తిప్పుతుంటే నేను చుట్లు లెక్కపెట్టాలి. రెండో కాయిల్‌లో, అంటే ఒక విడత చుట్ల కట్టలో, తడబడ్డాను. అరవైనా, అరవై ఒకటా? చెప్పడానికి భయపడ్డాను. ఆయన చక్రం ఆపేశారు.

“తప్పినవా? ఇప్పు, మళ్ల చుడుదాం. దేవునికి జపం జేస్తవు గద, గట్లనే లెక్కపెట్టు. మధ్యల కోరికలు కోరకు.”

నవ్వుకుంటూ మళ్లీ మొదలుపెట్టాం. సాయంత్రానికి చుట్లన్నీ మోటారు గాళ్లలో కూర్చున్నాయి. దారంతో కట్లు వేసేటప్పుడు ఆయన నాతో ఒక చీటీ రాయించారు. ఎన్ని చుట్లు, ఏ గేజు, ఏ తేదీ. దాన్ని మడిచి, తీగ ఇనుముకు తగలకుండా వేసే ఇన్సులేషన్ కాగితం కింద దోపారు.

“ఎవరి కోసం బాబాయ్?”

“ఎనకాల ఇప్పేటోని కోసం. ఆడు పరేషాన్ కావొద్దు గద.”

ఆదివారం పొద్దున్నే, చుట్లు కదలకుండా గట్టిపడేందుకు వార్నిష్ పోసి మేడ మీద ఎండలో పెట్టాం. పాత సామాన్లలో వెతికి ఒక కెపాసిటర్ పెట్టాను. మోటారు కదలడానికి మొదటి ఊపు ఇచ్చేది అదే. టచ్ ప్యానెల్ తీసేసి, ఆ చోట రబ్బరు టోపీ ఉన్న స్విచ్చి బిగించాను. మూడున్నరకు బాలమణి గదిలో స్విచ్చి వేశాను. పొత్రాలు ఒక్కసారి గరగరమని, తర్వాత సన్నటి చప్పుడుతో ఒకే ఊపున తిరిగాయి. బాలమణి నానిన మినప్పప్పు పోసింది. పిండి తెల్లగా నురుగు కట్టాక, ఆమె వేలితో కొంచెం తీసి నీళ్లగిన్నెలో వేసింది. తేలింది.

సోమవారం హాస్టల్ నుంచి ఫోను రాలేదట. మాట రాలేదంటే దోసెలు బాగున్నట్టేనని మంగళవారం బాలమణి వచ్చి చెప్పింది. ఆ గ్రైండర్ ఇవాళ్టికీ తిరుగుతోంది.

ఆ శనివారం తర్వాత నా పనిలో కొన్ని మారాయి. ఇప్పుడు వచ్చే వాటిలో చాలా భాగం రెండేళ్లకే వస్తున్నాయి. అతికేసినవి, విప్పడానికి వీల్లేనివి, విప్పినా లోపల మార్చడానికి విడిభాగం దొరకనివి. హిమాయత్‌నగర్ నుంచి ఒకావిడ తన పెళ్లినాటి మిక్సీ, దాంతోపాటు కిందటి ఏడాది కొన్న మిక్సీ ఒకే సంచిలో తెచ్చారు. పాతదానికి బ్రష్షులు, అంటే మోటారుకు కరెంటు అందించే బొగ్గుముక్కలు, మార్చి ఇచ్చాను. కొత్తదానికి చెయ్యగలిగింది లేదని చెప్పాల్సి వచ్చింది. అలా చెప్పిన రోజు అన్నం సయించదు. పసుపు పెట్టడం మానలేదు గానీ ఇప్పుడు పలక వదిలేసి డ్రమ్ము అంచుకు పెడుతున్నాను. ముఖ్యంగా, ఎవరైనా “నా వల్లే పాడైందమ్మా, నేనే సరిగ్గా వాడలేదు” అంటూ తలవంచుకుని వస్తే, నేను ముందు ఒక్క మాటా అనను. తెల్లగుడ్డ తీసి, వాళ్ల ఎదుటే విప్పుతాను. చూడకుండా తప్పు మోయకూడదు, ఎవరి మీదా వెయ్యకూడదు. నాకు ఆ పని నేర్పినది సరిగ్గా చూపు లేని మనిషి.

పోయిన శ్రావణంలో సత్తయ్య బాబాయ్ మమ్మల్ని విడిచి వెళ్లిపోయారు. బాలమణిదే ఆయన చుట్టిన చివరి మోటారు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఏదో ఒక పాత ఫ్యానో పంపు మోటారో నా బల్ల మీదికి వస్తుంది. విప్పితే కాగితం కింద పసుపుపచ్చగా మారిన చీటీ ఉంటుంది. చుట్లు ఉంటాయి, గేజు ఉంటుంది, తేదీ ఉంటుంది. నా పని సగం అప్పటికే చేసిపెట్టి ఉంటుంది. ఏ చీటీ మీదా పేరు మాత్రం ఉండదు.

అందుకే ఇది రాశాను. ఈ చుట్టుపక్కల మీ ఇంట్లో పాత ఫ్యానో గ్రైండరో ఇంకా చప్పుడు లేకుండా తిరుగుతుంటే, ఒక్కసారి దాని ముందు ఆగండి. దాని లోపల ఆయన చెయ్యి ఉండి ఉండొచ్చు. ఆయన పేరు సత్తయ్య. తలచుకోండి.