బావ విమానం పొగగొట్టం

నాకు అనుమానం ఎక్కువ. పాలు కాగి మీగడ కట్టేదాకా పాలవాణ్ణి నమ్మను. హబ్సిగూడ టిఫిన్ సెంటర్లో చట్నీ వాసన చూశాకే ఇడ్లీ తుంచుతాను. యూనివర్సిటీ ఇంజనీరింగ్ వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫోర్‌మన్‌గా చేసినవాడికి ఇది జబ్బు కాదు, ఉద్యోగం. అనుమానం పెనుభూతం అని మా అమ్మ ఎన్నిసార్లు అన్నా నేను వినలేదు.

అలాంటి నా నెత్తిన మా బావ ఏకంగా ఒక విమానం పెట్టాడు. బావ అంటే మా అక్క భర్త. అదే కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. రిటైరైన మిగతావాళ్లు తార్నాకలో ఫ్లాటు కొనుక్కుని, పొద్దున్నే క్యాంపస్‌లో నడుస్తూ బీపీ మాత్రల గురించి మాట్లాడుకుంటారు. ఈయన వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డు అడిగి తీసుకుని, విడిభాగాలు తెప్పించుకుని, ఆరేళ్లు కూర్చుని ఇద్దరు పట్టే విమానం కట్టాడు. వాకింగ్‌కొచ్చినవాళ్లు తొంగిచూసి, "గిది నిజంగ ఎగురుతదా సార్?" అని అడిగేవారు.

"మా బామ్మర్ది ఒప్పుకుంటె ఎగురుతది," అనేవాడు బావ.

అది వేళాకోళం కాదు, మా అక్క పెట్టిన షరతు. ఒకరోజు పనిగట్టుకుని అడిక్‌మెట్‌లో మా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా చెప్పింది. "తమ్మీ, నువ్వు మంచిగున్నదన్నంకనే ఆయన ఎగరాలె. ఏమన్న అయితె నిన్నే అడుగుత." నాకున్నది ఒక్క అక్క, ఒక్క బావ. సరేనన్నాను.

నా భయమంతా పొగగొట్టం మీదే. ఇంజను నుంచి నాలుగు సన్న గొట్టాలు దిగి, ఒకటిగా కలిసి, కూర్చునేవాళ్ల కాళ్ల కిందుగా వెనక్కి పోతాయి. స్టెయిన్‌లెస్ స్టీలే, కాదనను. కానీ ఎర్రగా కాగి, చల్లబడి, మళ్లీ కాగి ఎక్కడో ఒకచోట పగులుతుంది. వెంట్రుకంత సందు దొరికితే చాలు, పొగ లోపలికొస్తుంది. అందులోని విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. నడిపేవాడికి ముందు తలనొప్పి, తర్వాత మత్తు. కారైతే పక్కకు ఆపుకుంటాం, విమానాన్ని ఎక్కడ ఆపుతాం?

ఆ గొట్టాలు అతికింది తార్నాకలో సైలెన్సర్ల షాపు నడిపే ఒక పెద్దాయన. చేతిపని మంచిదని బావే వెతికి పట్టుకున్నాడు. నాకు మొదటిరోజే నచ్చలేదు. ఆటోలకు అతుకులేసే మనిషికి విమానంతో ఏం పని? పైగా మాట తక్కువ. అతికేటప్పుడు నన్ను దగ్గరికి రానివ్వడు. "మంట సూస్తె కండ్లు పోతయి, జరుగుండ్రి సార్," అంటాడు. నా కళ్ల మీద ఈయనకింత ప్రేమ దేనికో అనుకున్నాను.

ప్రతి శనివారం పొద్దున షెడ్డు ముందు ఇంజను నడిపేవాళ్లం. బావ లోపల కూర్చునేవాడు. అంతా చల్లారాక నేను టార్చి, చిన్న అద్దం పట్టుకుని కిందికి దూరేవాణ్ణి. నా చెవి మీద పెన్సిల్ ఎప్పుడూ ఉంటుంది. అనుమానమొచ్చినచోట సున్నా చుట్టు, వారం తర్వాత అక్కడే మళ్లీ చూడు. వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు నేను నేర్పింది ఇదే. అతుకు కాస్త ఎత్తుగా ఉంటే సున్నా, రంగు తేడాగా ఉంటే సున్నా. ఒకచోట అతుకే లేదు, ఏదో మరక చూసి అక్కడా చుట్టాను.

మూడో నెలలో మొదటి పగులు కనబడింది, సరిగ్గా నేను చుట్టినచోటే. మరుసటి వారం ఇంకోటి, అదీ నేను చుట్టినచోటే. అబద్ధమెందుకు, లోలోపల గర్వపడ్డాను. ఆ పై శనివారం ఇంజను ఆపగానే బావ తల పట్టుకుని విమానం దిగాడు. "జరంత తల దిమ్మున్నది బామ్మర్దీ, ఎండకేమో," అన్నాడు. అది చలికాలం, ఇంకా ఎనిమిది కాలేదు. ఎండ ఎక్కడిది? వెంటనే అక్కకు ఫోన్ చేశాను. "ఆ వెల్డింగాయన బావ పానం తీసేటట్టున్నడు," అన్నాను.

గొట్టం విప్పి, స్కూటర్ మీద పెట్టుకుని తార్నాక పోయాను. షాపు ముందు నలుగురు బండ్లు పెట్టుకుని నిలబడ్డారు. చవక తీగతో అతికాడనే నా అనుమానం, వాళ్లముందే అడిగాను. "అగ్గువ వైరేసి అతికినవ్ కద?"

ఆయన చేతులు తుడుచుకుని గొట్టం అందుకున్నాడు. వెలుతురు వైపు తిప్పి తిప్పి చూశాడు. "గీడ ఎవలన్న ఏమన్న పూసిండ్రా సార్?" అని అడిగాడు.

"నీ తప్పు నా మీదికి తోస్తున్నవా?" గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నాడని అనుకున్నాను.

"కోపం చెయ్యకుండ్రి. అతుకు ఇడిస్తె అతుకు పొంటనే పోతది. ఇది సూడుండ్రి, గుండ్రంగ పోయింది. పగులు గుండ్రంగ పోతదా? గీడ నేను అతుకే ఎయ్యలే, గీడ గూడ పగిలింది. ఎవలో గీసిన గీత మీదికెల్లే పోయినయి అన్ని."

నా చేయి దానంతటదే చెవి మీదికి పోయింది. ఆయన అది చూశాడు. గొట్టం నా చేతికిచ్చాడు.

షెడ్డుకొచ్చి బావకు చెప్పాను. ఆయన విడిభాగాలతోపాటు వచ్చిన లావు పుస్తకం తీశాడు. నేను దాన్ని ఒక్కసారీ తెరవలేదు. పుస్తకం చూసి పని నేర్చుకునే ఖర్మ నాకేమిటని పొగరు. అందులో లావు అక్షరాల్లో ఉంది: పొగగొట్టం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టవద్దు, అందులోని కర్బనం కాగిన లోహంలోకి ఇంకి, ఆ గీత వెంట పెళుసుబారుస్తుంది, సుద్దముక్క వాడండి.

"నువ్వు సదివినవనుకున్న," అన్నాడు బావ మెల్లగా. జీవితమంతా సుద్దముక్క పట్టుకున్న మనిషి. నేను సున్నాలు లెక్కపెట్టాను. పదకొండు. బావ కాళ్ల కింద వాటిని నా చేత్తో నేనే చుట్టాను. సిగ్గుతో మొహం ఎత్తలేకపోయాను.

సాయంత్రం అక్క ఫోన్ చేసి తప్పెవరిదో తేలిందా అని అడిగింది. నాదేనన్నాను. "ఆయనను నలుగురిల అన్నవ్ కద, నలుగురిలనే ఒప్పుకో పో," అన్నది.

మర్నాడు షాపు ముందు జనం చేరేదాకా ఆగి, "తప్పు నాది అన్నా," అన్నాను. ఆయన చేస్తున్న పని ఆపకుండానే, "కొత్త గొట్టం తెప్పియ్యుండ్రి, అతికిస్త," అన్నాడు. అతికాడు. ఈసారి సుద్దతోనే గుర్తులు పెట్టాను. రెండు నెలలు చూసినా ఒక్క పగులూ రాలేదు, బావకు తలనొప్పీ రాలేదు.

అనుమతులొచ్చాక విమానాన్ని లారీలో ఊరిబయట రన్‌వే దగ్గరికి తీసుకుపోయాం. ఆ పెద్దాయన్ను అక్కే పిలిపించింది. నేను టార్చి, అద్దం తీసుకుని కిందికి దూరబోతుంటే ఆయన అడ్డం నిలబడ్డాడు.

"జేబులు సూపెట్టుండ్రి సార్."

చూపించాను. రెండు చెవులూ చూపించాను. అప్పుడు జరిగాడు. ప్రతి అతుకూ చూసి బయటికొచ్చి, "మంచిగున్నదక్కా," అన్నాను.

అక్క నా వైపు చూడలేదు. ఆయన వైపు చూసింది. ఆయన నా చేతిలోంచి టార్చి తీసుకుని, కిందికి దూరి, తీరిగ్గా చూసి, లేచి తలూపాడు. అప్పుడు ఎక్కనిచ్చింది బావను.