జాలింటి పిట్టలు

మనం ఆంధ్రల కలిసిన నాలుగైదేండ్లకు నేను బోధన్ పక్క పల్లెకు కోడలిగ వచ్చిన. అత్త అప్పటికే లేదు. మా ఆయన ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలేటోడు. మామ చెరుకు కొట్టుడు మానుకొని, ఊరి దొర తోటల పిట్టలను సాదే పనికి కుదిరి అప్పటికి చాన ఏండ్లయింది. పొద్దంత బీడీలు చుట్టుడు, నడుమ ఒకపారి లేచి మామకు రొట్టె పట్టుకపోవుడు నా పని.

దొర వయసుల ఉన్నప్పుడు ఓడలెక్కి తిరిగినోడట. పోయిన ప్రతి దేశంకెల్లి పిట్టలను తెప్పించిండు. బంగ్లా వెనుక నాలుగు ఇండ్లంత జాగల ఇనుప జాలి కొట్టించి, లోపల చెట్లు పెట్టించిండు. ఊరోళ్లు దాన్ని జాలిల్లు అనేటోళ్లు.

మొదటి దినం పోయినప్పుడు రొట్టె మూట చేతిలనే ఉంది, నేను అట్లనే నిలబడ్డ. నాకు తెలిసినవి పిచ్చుకలు, గోరింకలు, మడికట్లల్ల తిరిగే కొంగలు. ఇక్కడ ఒక చిలుక ఉంది, తోక నా చెయ్యంత పొడుగు, మెడ దాక కుంకుమ, రెక్క మీద పసుపు, దాని కింద నీలం. ఒక కోడి ఉంది, తల మీద బంగారు పోగులు పరిచినట్టు వెంట్రుకలు. పెట్ట దగ్గరికి వస్తె మెడ చుట్టున్న చారల ఈకలను విసనకర్ర లెక్క ముఖానికి అడ్డం పట్టేది.

"అది చీనా దేశపు కోడి బిడ్డా," అన్నడు మామ. "మంచు పడే గుట్టల్ల ఉంటదట."

"మంచు పడుడంటె ఎట్లుంటది మామా?"

"నాకేమెరుక? దాన్నే అడగాలె."

అన్నిట్ల గొప్పవి ఆఫ్రికా కొంగల జంట. నా నడుము దాటిన ఎత్తు. తల మీద ఎండుగడ్డి పోచలు నిలబెట్టినట్టు బంగారు కిరీటం, తెల్లటి చెంపలు, గొంతు కింద ఎర్రటి తోలు. మామ వాటి ముందట నిలబడి తల వంచి లేపిండు. మొగకొంగ గూడ తల వంచి లేపింది. మామ ఇంకోపారి వంచిండు. అది రెక్కలు ఇప్పి ఎగిరి దుంకింది, ఆడది దాని చుట్టు తిరిగింది. తల నెరిసిన మనిషి కొంగలతోని గంతులేస్తుంటె నాకు నవ్వాగలే. పెండ్లయినంక నేను గట్టిగ నవ్వింది ఆనాడే.

అట్ల మూడు నాలుగేండ్లు గడిచినయి. దొర మంచాన పడి పోయిండు. కొడుకులు పట్నంల ఉండిరి. దినాలు కాంగనె బంగ్లాకు తాళమేసి పోయిండ్రు. కొన్ని నెలలకు గింజల బస్తాలు వచ్చుడు బందైంది. మామ ఇంట్లకెల్లి జొన్నలు మూట గట్టుకపోవుడు మొదలువెట్టిండు.

మా ఆయన చూసి చూసి ఒకనాడు ఎదురు నిలబడ్డడు. "మనం తినే జొన్నలు పిట్టలకు పోస్తవా బాపూ? ఎవలియి అవి?"

"ఎవలియైతేంది? తలుపుకు గొళ్లెం పెట్టేది నేనే గద," అన్నడు మామ.

నేను చెరుకు కొట్టిన మడుల్ల మిడుతలు పట్టి కొంగుల కట్టుకొని పోయేదాన్ని. కొంగలు నా అరచేతిలకెల్లి ఏరుకునేటివి. ఆ మిడుతలు ఎన్నిటికి సరిపోతయి? ఆ చలికాలం చిన్న పిట్టలు ఒక్కొక్కటే రాలిపోయినయి, చీనా కోడి పెట్ట పోయింది, దాని ఎనుకనే పుంజు గూడ సచ్చింది. సచ్చినంక గూడ దాని రంగు పిసరంత తగ్గలే. మామ గుంత తవ్వుతుంటె నేను దాన్ని ఒడిల పట్టుకొని కూసున్న. పెద్ద చిలుక తన ఛాతీ ఈకలు తానే పీక్కునుడు మొదలువెట్టింది. తుప్పు పట్టిన జాలి తెగి కాలికి గుచ్చుకొని, పుండు మీరి మొగకొంగ పోయింది.

బంగ్లా అమ్ముతందుకు చిన్నదొర జీపుల వచ్చిండు. మామ చేతులు కట్టుకొని అడిగిండు. "దొరా, మిగిలిన రెంటిని ఏం జేయమంటరు?"

"నీకేం కావాలంటే అది చెయ్యి. కోసుకుంటవో, ఇడిసిపెడతవో. వచ్చే వారం జాలి పీకుతరు."

మామ జాలింటి తలుపు తెరిచి పెట్టిండు. చిలుక చానసేపు గడపల్నే కూసుంది. ఆఖరికి ఎగిరి ఎదురుంగ ఉన్న యాపచెట్టెక్కింది. కాకులు మూగినయి. పుట్టి బుద్ధెరిగినకాడికెల్లి జాలిలనే ఉన్నది, ఎటు తప్పించుకోవాల్నో దానికి తెలువదు. మూడో దినం చెరుకుల కూలోళ్లకు దాని నీలం ఈకలు దొరికినయి.

ఆడకొంగకు ఎగురుడు లేదు. ఓడ ఎక్కించేటప్పుడే రెక్క కొస కోసిండ్రట. మామ దాన్ని కాళ్లు మడిచి సంకల ఎత్తుకొని ఇంటికి తెచ్చిండు. తొవ్వల చెరుకు బండ్లోళ్లు ఎడ్లను ఆపి చూసిండ్రట. మా వాకిట్ల అది గోడ దిక్కు తిరిగి నిలబడేది. పొద్దుగూకే యాళ్ల ఒక్కటే బొంగురుగ కూత పెట్టేది. జవాబిచ్చేది ఈ దేశంలనే లేకుండె. మా ఆయన గూడ తన పల్లెంలకెల్లి బుక్కెడు తీసి దానికేసేటోడు.

ఒకనాడు మామ కట్టెలకు పోయిండు. నేను చుట్టిన బీడీలు కార్ఖానల ఇచ్చి రావాలె. యాళ్లయితే తీసుకోరు. గంప ఎత్తుకొని ఉరుకులాట మీద పోయిన. తిరిగొచ్చేటప్పుడు నడుమ తొవ్వల యాదికొచ్చింది, వాకిలి తడక కట్టలేదని. గంప ఇడిసిపెట్టి ఉరికిన.

మామ అప్పటికే వచ్చి ఉండె. వాకిట్ల కూసోని ఉండె. కుక్కలు పీకి ఇడిసిపెట్టిన కొంగ ఆయన ఒడిల ఉండె.

"తడక నేను కట్టలే మామా," అన్న.

ఆయన తిట్టుంటె కాళ్ల మీద పడి ఏడ్చేదాన్ని. లేచి పార తీసుకొని పెరట్లకు పోయిండు.

ఆ పంటకే మామ మళ్ల కత్తి పట్టుకొని చెరుకు కొట్టవోయిండు. ఆ వయసుల ఆ పని చేతగాదు. దమ్మొచ్చి గట్ల మీద కూలబడేటోడు, లేచి మళ్ల కొట్టేటోడు. నేను రొట్టె తీస్కపోతె తినేటోడు. వానల గురించి, బండి గురించి మాట్లాడేటోడు. పిట్టల మాట మాత్రం ఇగ ఎన్నడు తియ్యలే. నేను తీస్తె ఇననట్టే ఉండేటోడు.

రెండేండ్లకు మంచాన పడ్డడు. ఆ తడక గురించి ఒక్కమాటన్న అంటడేమో అని రోజులకు రోజులు పక్కనే కూసున్న. ఒకనాడు పొద్దుగాల నా దిక్కు చూసి, "బిడ్డా," అన్నడు. నేను ముందుకు వంగిన. మంచినీళ్లు అడిగిండు. ఇచ్చిన. తాగి అటు తిరిగి పండుకున్నడు.