చంద్రుడి చెట్టు

ఈ ఆదివారం పేపర్లో మనిషి చంద్రుడి మీద కాలు పెట్టి ఇరవై ఏళ్లయిందని ఒక పేజీ నిండా వేశారు. పక్కనే ప్రపంచ చరిత్రలో ముఖ్య ఘట్టాల పట్టిక. పట్టిక కనిపిస్తే పైనుంచి కిందికి సరిచూడకుండా వదలలేను. డిప్లొమా చదువు అంటించిన జబ్బు. అయితే ఆ ఘట్టాలు నాకు బడికి వెళ్లకముందే తెలుసు. నూజివీడు దగ్గర మా పెదనాన్న మామిడితోటలో అవి వరసగా నిలబడి ఉండేవి.

పెదనాన్న ఏ అంటు నాటినా ఆ ఏడు రేడియోలో విన్న పెద్ద వార్త పేరు పెట్టేవాడు. జపాన్ మీద బాంబు పడిన ఏడు తాతయ్యతో కలిసి నాటిన పెద్దరసం, బాంబు చెట్టు. అమెరికా అధ్యక్షుణ్ణి కాల్చి చంపిన ఏటి బంగినపల్లి, ప్రెసిడెంటు చెట్టు. రష్యావాళ్లు కుక్కను ఆకాశంలోకి పంపిన ఏటిది కుక్క చెట్టు. కాపు కొనడానికి వచ్చిన విస్సన్నపేట షావుకారు ఆ పేరు విని కాయ కొరకబోతూ ఆగి, “ఇక్కడ కుక్కని పాతిపెట్టారాండీ?” అని అడిగాడు.

చంద్రుడి చెట్టు సంగతి వేరు. పెళ్లయిన చాలా ఏళ్లకు పెదనాన్నకు పుట్టిన ఒక్కగానొక్క కొడుకు, రెండేళ్లవాడు, ఊరంతా రేడియో చుట్టూ చేరి చంద్రుడి కబుర్లు వింటున్న వారంలోనే జ్వరంతో పోయాడు. వాడి పేరు పెట్టి నాటుదామని తెచ్చిన చిన్నరసం అంటు అప్పటికే పెరట్లో ఉంది. ఆ పేరు వింటే పెద్దమ్మ తట్టుకోలేదని, పెదనాన్న దాన్ని నాటి చంద్రుడి పేరు పెట్టాడు. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరూ పిల్లవాడి పేరెత్తలేదు. తప్పనిసరైతే “చంద్రుడి మీద దిగిన ఏడు” అనేవాళ్లు. పెద్దమ్మ కూడా ఏమీ అనేది కాదు. ఎండాకాలం ఆ పాదుకు మాత్రం తనే బిందెలతో నీళ్లు మోసేది. పాలేరు సాయం వస్తే, “నువ్వెళ్లు, దీన్ని నేను చూసుకుంటాలే” అనేది.

ఎనభై ఆరులో, అమెరికావాళ్ల అంతరిక్ష నౌక గాల్లోనే పేలిపోయిన వారం, నేను తోటకెళ్లాను. అన్ని చెట్లూ పూత మీదున్నాయి. చంద్రుడి చెట్టు మొదలు దగ్గర మాత్రం రంపప్పొట్టు రాలి ఉంది. పురుగు కాండాన్ని తొలిచేసింది. తీగతో పురుగును లాగి, కన్నాల్లో కిరసనాయిలు దూది కుక్కి, మట్టితో మెత్తాం. పెద్దమ్మ నా పక్కనే నిలబడింది.

“బతుకుతుందంటావా నాయనా? చదువుకున్నావుగా, చెప్పు.”

“నేను చదివింది మోటార్ల గురించి పెద్దమ్మా. చిగురేస్తే బతికినట్టే.”

చిగురెయ్యలేదు. వేసవి చివర కొట్టేశారు. తొలకరి పడగానే పెదనాన్న అదే చోట కొత్త అంటు నాటాడు. మట్టి అదుముతూ, “నౌక పేలిన ఏడు కదా, దీన్ని నౌక చెట్టందాం” అన్నాడు.

పెద్దమ్మ చెంబు కింద పెట్టింది. “ఆ నౌకలో పోయినవాళ్లకీ తల్లులుంటారు కదండీ. పిల్లల పేర్లు చెప్పుకుని ఏడ్చుంటారు. నన్నెందుకు చెప్పుకోనివ్వలేదు?”

“నువ్వు తట్టుకోలేవనే...”

“అది మీరనుకున్నారు. నేను చెప్పానా?”

పెదనాన్న చేతుల మట్టి దులుపుకోకుండానే గట్టు మీద కూలబడ్డాడు. పెద్దమ్మ అంటు ముందు కూర్చుని పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలిచింది. అన్నం కలిపి, వీధిలో ఆడుకుంటున్నవాణ్ణి పిలిచినట్టు, ముద్దుగా, కాస్త విసుగ్గా. బతికుంటే వాడికి ఆ ఏడు పందొమ్మిది. ఆమె గొంతులో మాత్రం కాలం ఒక్కరోజు కూడా కదల్లేదు.