ఆ ఏడు దుబాయి పోయిన తొక్కు

మే నెల, మూడో ఆదివారం. పొద్దున్నే ఓ వింత... దుబాయి నుంచి మొన్ననే తిరిగొచ్చిన మా బాపు, పెట్టింది పెట్టినట్టు తిని లేచే మనిషి, నిరుటి మామిడికాయ తొక్కు నాలుక్కి రాసుకుని పళ్లెం పక్కకి జరిపాడు.

"మంచిగనే ఉన్నది గని... గా యేడు గంగన్నతోని పంపినవ్ సూడు, గసోంటి తొక్కు మళ్ల తినలే. ఏం కలిపినవే అప్పుడు?"

మా ఇంట్లో నాన్న బాపు, అమ్మ అవ్వ. ఆ అవ్వ ముఖం చిన్నబోయింది. "నాకు గూడ సమజైతలేదు. అదే శెయ్యి, అదే కారం. రేపు కాయ కొట్టిపిస్తున్న గద, ఎల్లిగడ్డ జర ఎక్కువేసి సూస్త."

ఆ ఏడు అందులో ఏం కలిసిందో నాకు తెలుసు.

మా చిన్నప్పుడు... లక్సెట్టిపేట దగ్గరి మా ఊళ్లో, ఎండాకాలం సెలవులన్నీ మా ఇంటి వాకిట్లోనే. నేను, పక్కింటి రజిత, ఎదురింటి శేఖర్, మా కుక్క మోతి. పచ్చి మామిడికాయకు ఉప్పూకారం అద్దుకుని నాకడం, మోతి చెవుల్లోంచి పిడుదులు పీకడం... రెండూ అవే చేతులతో. మధ్యలో కడుక్కున్న గుర్తు లేదు. రక్తం తాగి శనగ గింజంత ఉబ్బిన పిడుదును రాయి మీద చిట్లించి, ఎవరిది ఎంత దూరం చిమ్మిందో చూసుకునేవాళ్లం.

కాలేజీలో ఈమధ్య 'జుగుప్స' అనే మాట నేర్చుకున్నాను. మా ఇంట్లో దాన్ని రోత అంటారు. నాకు రోతే నచ్చింది... నోట్లోకి రాగానే ఉమ్మేయాలనిపిస్తుంది.

మోతికి ఎండ పడేది కాదు. మధ్యాహ్నమైతే వీధి మోరీలో, ఆ మురుగు కాలవలో దిగి, బురదలో పొర్లి, నల్లగా కారుతూ ఇంటికి వచ్చేది. ఆ కంపు గుర్తొస్తే ఇప్పటికీ ముక్కు మూసుకుంటాను.

ఆ రోజు తొక్కు పెట్టే రోజు. అరుగు మీద పాత నూలు చీర పరిచి, కొట్టిన కాయ ముక్కలు పోసింది అవ్వ. ఒక్కో ముక్కా పొడిగుడ్డతో తుడిచి, జీడి తీసేయడం మా ముగ్గురి పని.

"ముక్కకు నీళ్ల సుక్క తగిలిందో, తొక్కంత బూజు వడ్తది. మీ బాపుకు పంపేది బిడ్డా... జర పైలం. నేను గిర్నికి పోయి కారం పట్టిచ్చుకొస్త."

పోతూ పోతూ మోతికి వేలు చూపించింది. "దీన్ని గిటు రానియ్యకుండ్రి. మొన్న కోడిగుడ్లు మింగింది. ఇంకొక్కపారి ఇంట్ల మూతి వెట్టిందో, మందమర్రిల మా తమ్మునింటికి తోలిస్త."

అవ్వ వీధి మలుపు తిరిగిందో లేదో... ఐస్ బండి హారన్. ముగ్గురం ఉరికాం.

ఎర్ర ఐసులు చప్పరిస్తూ తిరిగొచ్చేసరికి, చల్లటి ముక్కల మీద నాలుగు కాళ్లూ చాపుకుని మోతి పడుకుని ఉంది. హాయిగా, కళ్లు మూసుకుని. తెల్లటి ముక్కల మీద నల్లటి మోరీ బురద... దానికంటుకుని వెంట్రుకలు... ఓ పిడుదు నింపాదిగా ఒక ముక్క మీంచి ఇంకో ముక్క మీదికి నడుస్తోంది.

"థూ! పారేద్దామే," అంది రజిత, ఐసు కిందపడేసి.

"పారేస్తే అవ్వ అడుగుతది. మోతిని తోలేస్తది," అన్నాను ఏడుపు గొంతుతో.

శేఖర్ చొక్కా విప్పాడు. మూడు రోజులుగా అదే చొక్కా. "నీళ్లు తగలద్దన్నది గద... దీంతోని తుడుద్దాం. ఉప్పు వడ్తె అన్ని సస్తయ్ తియ్."

తుడిచాం. మరీ నల్లగా ఉన్నవాటిని గోడ అవతలికి విసిరాం.

అవ్వ వచ్చి చూసింది. "ముక్కలు తక్కువైనట్టున్నయేందిరా?"

"ఎండకు దగ్గరవడ్డయ్ చిన్నమ్మా," అన్నాడు శేఖర్, చొక్కా లేకుండా.

అవ్వ నమ్మింది. నూనె, ఉప్పు, కారం, ఆవపిండి, ఎల్లిగడ్డ వేసి మోచేతి దాకా కలిపింది. జాడీకెత్తాక, అడుగున మిగిలిన ఎరుపులో వేడి అన్నం వేసి పిసికి ముద్దలు చేసింది. ఏటా ఆ ముద్దల కోసం మేం కొట్టుకునేవాళ్లం.

"కడుపుల నొస్తున్నది చిన్నమ్మా," అంది రజిత. శేఖర్ నేల చూస్తున్నాడు. అవ్వ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏందే... నా శెయ్యి మీకు రోతనా?"

నోరు తెరిచాను. వేడివేడి ముద్ద... నమిలాను. పంటి కింద ఏది తగిలినా ఆ పిడుదేనేమో అని నాలుకతో తడిమి చూశాను. అంతకంటే అసహ్యమైన సంగతి ఏమిటంటే... అది రుచిగా ఉంది. రెండో ముద్ద నేనే అడిగాను.

వారం తిరక్కుండా వెనకింటి గంగన్న మామ సంచిలో ఆ తొక్కు దుబాయి పోయింది. ఫోన్ మోగితే చాలు, బాపుకేమైందో అని అందరికంటే ముందు నేనే ఉరికేదాన్ని. చివరికి ఫోన్ వచ్చింది. "రూంల తొమ్మిదిమందిమి సీస అడుగుదాక నాకినం బిడ్డా. మీ అవ్వ శేతికి మొక్కాలె."

అవ్వ ఆ మాట ఊరంతా చెప్పుకుంది. ఆ తర్వాత ఏటా అదే రుచి కోసం ఒక ఏడు కారం పెంచి, ఒక ఏడు నూనె మార్చి... తన చెయ్యే పాడైందనుకుంది. నేను పక్కనే కూర్చుని ముక్కలు తుడిచాను. నోరు విప్పలేదు. ఇప్పుడు తలచుకుంటే మోరీ బురద కంటే అదే ఎక్కువ రోత.

మోతి ఎప్పుడో పోయింది. వీధి మోరీ మీద బండలు పరిచారు. రజిత, శేఖర్ ఫోన్ స్టేటస్‌లలోనే కనిపిస్తారు. నేనేమో అన్నానికి ముందు మూడుసార్లు సబ్బుతో చేతులు కడుగుతాను... అంత రుచిగా మాత్రం ఏదీ లేదు.

మీరు కూడా ఎవరికీ చెప్పకుండా మింగినవి, మింగించినవి ఉంటే కింద రాయండి. నాకు కాస్త ధైర్యం వస్తుంది. ఎందుకంటే రేపు పొద్దున, కాయ కొట్టేవాళ్లు రాకముందే, అవ్వనూ బాపునూ అరుగు మీద కూర్చోబెట్టి చెప్పబోతున్నాను... 'అవ్వా, నీ శెయ్యి ఎన్నడూ పాడుగాలే' అని మొదలుపెడతాను. ఆ తర్వాత బాపు ఉమ్మినా, నవ్వినా... కట్టె పట్టుకుని ముక్కల దగ్గరే కూర్చుంటాను. ఐస్ బండి వచ్చినా లేవను.