ముందు పక్కింటికి ఖబరు

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్ పక్కనే మేం కాక అని పిలిచే ఒకాయన ఉండేవాడు. బంగ్లాదేశ్ యుద్ధంలో పోరాడి వచ్చి, బొగ్గుబాయిలో పనికి కుదిరాడు. షిఫ్టు దిగి వస్తూ ప్రతి గుమ్మం ముందూ ఆగి, "మీ ఆయన పైకచ్చిండు, ఎనుక వస్తుండు" అని చెప్పేవాడు. ఈ ఊరేగింపు ముగిసేసరికి ఇంట్లో ఆయన అన్నం చల్లారిపోయేది. మేం పిల్లలం ఆయన గొంతును అనుకరించి తెగ నవ్వుకునేవాళ్లం.

ఒకసారి మా అమ్మే అడిగింది, రోజూ ఎందుకీ తిప్పలని.

"తూటాలు నన్నేం జెయ్యలె వదినా. నా ఖబరు అందక మా అవ్వ తిండి మానేసింది. నేనచ్చేసరికి మనిషి లేదు" అన్నాడు. తల్లి గురించి అంతమాత్రమే చెప్పి, ఇంకో గుమ్మం వైపు నడిచాడు.

ఆ ఎండాకాలం ఒక పొద్దున బాయిలో పైకప్పు కూలింది. వేళ కాని వేళ సైరన్ మోగేసరికి వాడంతా ప్రాణాలు అరచేత పట్టుకుని నిలబడింది. మా నాన్న లోపలే ఉన్నాడు. ఆ పూట డ్యూటీ లేని కాక బాయి దగ్గరికి ఉరికాడు. ఎవరు పైకొస్తే వాళ్ల ఇంటికి పరుగున వచ్చి చెప్పసాగాడు. "బిడ్డా, మీ బాపు మంచిగున్నడు, ఫికర్ జెయ్యకుండ్రి" అని మా గుమ్మంలో చెప్పి, మంచినీళ్లయినా తాగకుండా ఇంకో ఇంటికి వెళ్లాడు. కాక భార్యను మేం చిన్నమ్మా అని పిలిచేవాళ్లం. ఆమె ఒంటరిగా తమ గుమ్మంలో కూర్చొని ఉండడం చూశాకే, అదే బాయిలో పనిచేసే వాళ్ల కొడుకు ఇంకా లోపలే ఉన్నాడని మాకు తెలిసింది. మా అమ్మ వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

మధ్యాహ్నం దాటాక ఆ అన్న కాలు విరిగి, ప్రాణాలతో బయటపడ్డాడు. కాక ఇల్లు చేరేలోపే వాడంతా ఆ గుమ్మం ముందుంది. "చిన్నమ్మా, అన్న పైకచ్చిండు!" అని అందరికంటే ముందు అరిచింది నేనే. కాక వీధి మధ్యలో నిలబడి నవ్వుతూనే ఏడ్చాడు.

ఇప్పుడు నా కొడుకు మందమర్రి దగ్గర బాయిలో పనిచేస్తున్నాడు. ఉద్యోగం వచ్చిన రోజు వాడికి ఒకటే చెప్పాను. "పైకచ్చినంక ముందు నీతోటి పనోళ్ల ఇండ్లకు ఫోన్ జెయ్యి. నాకు ఎనుక."

మొన్నటి వానలకు బాయిలోకి నీళ్లు చేరాయన్నారు. మా వీధిలో ఒక్కొక్క ఇంట్లో ఫోన్ మోగుతోంది, నాది మోగదు. భయం వెయ్యలేదంటే అబద్ధమే. అంతలో పక్కింటి కోడలు గోడ మీంచి కేకేసింది: "అవ్వా, మా ఆయన మంచిగున్నడని నీ కొడుకే ఫోన్ చేసిండు!"

నా ఫోన్ ఇంకా మోగనే లేదు. అయినా ఆ పూట మా వీధిలో నా అంత తలెత్తుకుని నిలబడిన తల్లి ఇంకొకతి లేదు.